అడగందే పెట్టని బడి

ఆ రోజు రాత్రి తొమ్మిదిన్నరకు మా కాలనీ తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "అక్కా, గిఫ్టెడ్ నామినేషన్‌కి రేపు సాయంత్రం ఐదింటికి గడువు అయిపోతుంది. మీ బాబుది వేశారా?" ఇక్కడ అమెరికా బడుల్లో చురుకైన పిల్లలకు పెట్టే ప్రత్యేక క్లాసును గిఫ్టెడ్ అంటారు, దానికి పిల్లవాడి పేరు ప్రతిపాదించే ఫారం అది. నేను వేయలేదు. అలాంటి ఫారం ఒకటి ఉంటుందని కూడా అప్పటిదాకా నాకు తెలియదు. కూర పొయ్యి మీద నుంచి దించేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మా ప్రాంతం బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో నాలుగు పేజీలు దాటితే గానీ ఫారం దొరకలేదు. అందులో పదో పన్నెండో ప్రశ్నలు. మీ పిల్లవాడు ఏ విషయాల మీద ఎక్కువ కుతూహలం చూపిస్తాడు, తోటి పిల్లలకు తట్టని ఆలోచన అతనికి తట్టిన సందర్భం ఏదైనా రాయండి, ఇలా. ఎలా రాస్తే బాగుంటుందో మెసేజ్ పెట్టిన అమ్మాయే ఫోను చేసి చెప్పింది. పదకొండు గంటలకు ఫారం పంపి పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆరు గంటలకు పక్కింటావిడ కనిపించింది. ఆమె నల్లజాతి స్త్రీ, నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. పగలంతా నిద్రపోయి అప్పుడే లేచినట్టుంది. ఆమె కొడుకూ మా వాడూ మూడో తరగతి, ఒకే సెక్షన్. ఫారం వేశారా అని అడిగాను. "ఏ ఫారం?" అంది.

ఆ పిల్లవాడి గురించి ఒక సంగతి చెప్పాలి. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, వంటగది గుమ్మంలో నిలబడి నేలకేసి కాసేపు చూసి, "ఆంటీ, ఇక్కడ 202 టైల్స్ ఉన్నాయి" అన్నాడు. లెక్కపెట్టావా అన్నాను. "లేదు. ఇటు 17, అటు 12. కానీ గోడ పక్కన నాలుగు సగం ముక్కలున్నాయి, కాబట్టి రెండు తీసేయాలి." ఎనిమిదేళ్ల పిల్లవాడు. కాగితం లేదు, వేళ్లు మడవలేదు. మా వాడు చురుకైనవాడే, కాదనను, కానీ ఆ లెక్క మా వాడికి అప్పట్లో తట్టేది కాదని నాకు తెలుసు.

ఆ ఏడు మా వాడు పరీక్ష రాశాడు, గిఫ్టెడ్ క్లాసులో చేరాడు. పక్కింటి పిల్లవాడు పరీక్షే రాయలేదు. గడువు అప్పటికే గంట క్రితం ముగిసింది. వచ్చే ఏడు చూద్దామన్నారు.

అమెరికాలో నల్లజాతి పిల్లలకూ తెల్లజాతి పిల్లలకూ మధ్య చదువులో ఉన్న అంతరం గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ సాయంత్రం ఆరు గంటలు గుర్తొస్తాయి. మన వాళ్ల ఇళ్లలో, పుట్టినరోజు పార్టీల్లో, గుడిలో భోజనాల దగ్గర ఈ మాట వస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఒకే తీర్పు: "వాళ్ల ఇళ్లలో చదువు మీద శ్రద్ధ ఉండదండీ. మనం పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తాం." ఈ మాట తప్పు అని గట్టిగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మన సంగతి చూద్దాం. ఇక్కడున్న భారతీయుల్లో పాతికేళ్లు దాటినవారిలో నలుగురిలో ముగ్గురికి డిగ్రీ ఉంది. దేశం మొత్తం తీసుకుంటే మూడో వంతు పైచిలుకు మందికే ఉంది. మనం ఎక్కువ శ్రద్ధగలవాళ్లం కాబట్టి ఇలా జరగలేదు. చదువుకున్నవాళ్లకే వీసా దొరికింది కాబట్టి జరిగింది. 1965 వలస చట్టం తర్వాత ఈ దేశం మన ఊళ్ల నుంచి ఏరి తెచ్చుకున్నది ఇంజనీర్లను, డాక్టర్లను. ఆ జల్లెడ దాటి వచ్చిన మనం, బానిసత్వమూ ఆ తర్వాత చట్టబద్ధమైన వేర్పాటూ దాటి వచ్చిన కుటుంబాలను చూసి శ్రద్ధ గురించి పాఠం చెప్పడం న్యాయం కాదు. 1954లో సుప్రీంకోర్టు జాతిని బట్టి విడి బడులు చెల్లవని తీర్పు ఇచ్చేనాటికి మా పక్కింటావిడ అమ్మమ్మ బడి ఈడు పిల్ల.

శ్రద్ధే కారణమైతే అంతరం ఎప్పుడూ ఒకేలా ఉండాలి, లేదా తరాలు గడిచినకొద్దీ మెల్లగా కదలాలి. అలా జరగలేదు. దేశవ్యాప్తంగా పెట్టే జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లల రీడింగ్ మార్కుల్లో తెల్లజాతికీ నల్లజాతికీ మధ్య 1971లో 39 పాయింట్ల తేడా ఉండేది. 1988 నాటికి అది 18కి దిగింది. పదిహేడేళ్లలో సగానికి పైగా తగ్గింది! తెల్లపిల్లల మార్కులు పడిపోయి తగ్గింది కూడా కాదు, నల్లపిల్లల మార్కులు పెరిగి తగ్గింది. దక్షిణాది రాష్ట్రాల్లో బడులు నిజంగా కలిసిన కాలం అది. తర్వాత ఆ వేగం ఆగిపోయింది. అంత తక్కువ కాలంలో ఒక జాతి మొత్తానికి శ్రద్ధ పుట్టుకొచ్చి, మళ్లీ అంత తొందరగా ఇంకిపోదు. మారింది బడులు నడిచే పద్ధతి.

అందులోనూ నాకు అన్నిటికంటే బలంగా తగిలిన ఉదాహరణ ఫ్లారిడాలోని బ్రొవార్డ్ కౌంటీ. ఫోర్ట్ లాడర్‌డేల్ నగరం ఉన్న చోటు అది, దేశంలోని అతి పెద్ద స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఒకటి. 2003లో అక్కడి పిల్లల్లో సగానికి పైగా నల్లజాతి, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలే. కానీ మూడో తరగతిలో గిఫ్టెడ్ అని గుర్తించిన పిల్లల్లో వారు 28 శాతమే. పద్ధతి మా డిస్ట్రిక్టులో ఉన్నలాంటిదే. టీచరో తల్లిదండ్రులో పేరు ప్రతిపాదించాలి, ఆ తర్వాతే పరీక్ష. డబ్బున్నవాళ్లు ప్రైవేటు సైకాలజిస్టు చేత ఐక్యూ పరీక్ష చేయించి తెచ్చుకునేవారు.

2005లో వాళ్లు ఒకే ఒక్కటి మార్చారు. ఎవరూ అడగనక్కర లేకుండా రెండో తరగతిలో ఉన్న ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ బడిలోనే ఒక చిన్న పరీక్ష పెట్టారు. మాటలతో పని లేని, బొమ్మలూ ఆకారాలతో ఉండే పరీక్ష. అందులో బాగా చేసినవారిని అసలు ఐక్యూ పరీక్షకు పంపారు. అర్హత మార్కు మాత్రం అంగుళం కూడా కదపలేదు. పేద పిల్లలకూ ఇంగ్లిషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకూ అక్కడ ముందునుంచే కొంత తక్కువ అర్హత మార్కు ఉండేది, అదీ అలాగే ఉంచారు. ఫలితం ఏమిటంటే, హిస్పానిక్ పిల్లల్లో గిఫ్టెడ్‌గా గుర్తింపు పొందినవారు 2 శాతం నుంచి 6 శాతానికి పెరిగారు. నల్లజాతి పిల్లల్లో 1 నుంచి 3కి పెరిగారు. తెల్లజాతి పిల్లలూ 6 నుంచి 8కి పెరిగారు. ఎవరి వాటా నుంచీ లాక్కోలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో ఈ లెక్కలన్నీ తీసి, పాత పద్ధతిలో ఎవరు జారిపోయారో కూడా చూశారు. నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు, పేదింటి పిల్లలు, ఇంగ్లిషు కొత్తగా నేర్చుకుంటున్నవారు, వీరందరితోపాటు ఆడపిల్లలు కూడా. ఇద్దరాడపిల్లల్లో ఒకరిగా పెరిగిన నాకు ఆ చివరి మాట దగ్గర కాసేపు చదవడం ఆగిపోయింది.

ఆ పిల్లలు అంతకు ముందు కూడా ఆ బడుల్లోనే, ఆ బల్లల మీదే కూర్చున్నారు. వారి టీచర్లు రోజూ వారిని చూస్తూనే ఉన్నారు. వారిలో ఎవరూ దుర్మార్గులు కారు. కానీ ఇరవై మంది పిల్లల్లో "ఈ పిల్లవాడిలో ఏదో ఉంది" అని ఒక టీచరుకు అనిపించడానికి, ఆ పిల్లవాడు ఆ టీచరుకు తెలిసిన తెలివి రూపంలో కనిపించాలి. చెయ్యెత్తాలి, పూర్తి వాక్యాల్లో మాట్లాడాలి, ఇంట్లో పుస్తకాలున్నట్టు తెలియాలి. దేశవ్యాప్త లెక్కల్లోనూ ఇదే తేలింది. ఒకే రకం మార్కులున్న నల్లజాతి పిల్లలు, టీచరు కూడా నల్లజాతి మనిషి అయినప్పుడు గిఫ్టెడ్ క్లాసుకు వెళ్లే అవకాశం ఎక్కువ, కానప్పుడు తక్కువ. మార్కులు అవే, పిల్లలు అవే, చూసే కళ్లు వేరు.

బ్రొవార్డ్ కథలో మరో సగం ఉంది, నా మటుకు నాకు అది ఇంకా విలువైనది. ఒక బడిలో గిఫ్టెడ్ పిల్లలు ఒకరిద్దరే ఉన్నా వారికోసం నాలుగు, ఐదు తరగతుల్లో ఒక ప్రత్యేక సెక్షన్ పెట్టాలని అక్కడి నియమం. పేద పేటల బడుల్లో ఆ సెక్షన్ నిండదు కదా! మిగిలిన సీట్లను అదే బడిలో రాష్ట్ర పరీక్షలో మంచి మార్కులు వచ్చిన పిల్లలతో, మార్కుల వరుసలో నింపారు. గిఫ్టెడ్ అన్న ముద్ర లేకుండా, మార్కుల వరుసలో ఆ సెక్షన్‌లో కూర్చున్న నల్లజాతి, హిస్పానిక్ పిల్లల మార్కులు లెక్కల్లోనూ రీడింగ్‌లోనూ బాగా పెరిగాయి, ఆరో తరగతి దాకా ఆ మెరుగు నిలిచింది. అదే సెక్షన్‌లో చేరిన తెల్లజాతి పిల్లలకు అంతటి లాభం కనిపించలేదు. సెక్షన్ బయట ఉండిపోయిన పిల్లలకు నష్టమూ జరగలేదు. అంటే ఆ నల్లపిల్లలకు అంతవరకూ శక్తికి తగ్గ పని ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చిన రోజున చేసి చూపించారు.

2010లో బడ్జెట్ కోత పడింది. అందరికీ పెట్టే ఆ పరీక్ష ఆపేశారు. అంతరం మళ్లీ పాత చోటికే వచ్చింది, దాదాపు అంతే కొలతతో.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి అయిదో తరగతి మాస్టారు గుర్తొచ్చారు. అప్పట్లో నవోదయ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసుకోవాలంటే ఫారం తెచ్చుకోవాలి, ఫోటో దిగాలి, సంతకాలు చేయించాలి. మా ఇంట్లో మా నాన్న చేయించేవారే, ఆయన చదువుకున్న మనిషి. కానీ మా మాస్టారు ఎవరినీ అడగలేదు. ఒక శనివారం ఫోటోగ్రాఫరును బడికే పిలిపించి, చింతచెట్టు కింద తెల్ల దుప్పటి కట్టించి, తరగతిలో ఉన్న 31 మందికీ ఫోటోలు తీయించారు. ఫారాలన్నీ ఆయనే నింపారు. వేలిముద్రలు వేయించడానికి సాయంత్రాలు సైకిలు మీద ఇంటింటికీ తిరిగారు. "మా వాడికెందుకు సార్, గేదెలు కాసుకునేవాడికి" అన్న తండ్రికి, "పరీక్ష రాసొచ్చి కాస్తాడులే" అని జవాబు చెప్పారట. ఆ ఏడు మా బడి నుంచి నవోదయలో సీటు వచ్చింది ఒక్కరికే. మా నాన్నలాంటి తండ్రి ఉన్న నాకు రాలేదు. ఎస్సీ కాలనీ నుంచి వచ్చే, వెనక వరుసలో గోడకానుకుని కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయికి వచ్చింది. మాస్టారు కూడా ఆశ్చర్యపోయారు. ఎవరు బాగా చదువుతారో తనకు తెలుసనుకుని ఆ నలుగురైదుగురి ఫారాలే నింపి ఉంటే, ఆ అబ్బాయి పేరు అందులో ఉండేది కాదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు మనవాళ్లు. బడి విషయంలో ఈ సామెతను నేను ఒప్పుకోలేను. అడగడం తెలిసిన ఇళ్లు వేరు, తెలియని ఇళ్లు వేరు. ఆ తేడా అమెరికాలో చాలావరకు జాతి గీత మీదుగానే పోతుంది. అడిగినవారికే పెట్టే బడి జాతి పేరు ఎత్తకుండానే జాతి అంతరాన్ని తయారుచేస్తుంది.

శిక్షల్లోనూ ఇదే జరుగుతోంది. 2017-18 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ బడుల పిల్లల్లో నల్లజాతివారు 15 శాతం, బడి నుంచి సస్పెండ్ అయినవారిలో 38 శాతం. బడికి రాని రోజున ఎవరూ పాఠం నేర్చుకోరు. "ధిక్కారం" అన్న ఒక్క మాట కింద పిల్లల్ని ఇంటికి పంపేసే వీలును కాలిఫోర్నియా మొదట చిన్న తరగతుల్లో, తర్వాత పై తరగతుల్లోనూ తీసేసింది. ఏది ధిక్కారమో, ఏది అల్లరో టీచరు అంచనాకు వదిలేస్తే ఆ అంచనా ఎవరి మీద పడుతుందో లెక్కలే చెప్పాయి కాబట్టి. అలాగని నియమం ఉంటే చాలు మేలే జరుగుతుందని కూడా నేను అనను. 1994లో బడికి తుపాకి తెచ్చే పిల్లల మీద వచ్చిన చట్టం తర్వాత చిన్నచిన్న తప్పులకూ కనికరం లేని నియమాలు పెట్టారు, వాటి భారమూ ఈ పిల్లల మీదే పడింది. అవకాశం దగ్గర అందరినీ చూడాలి, శిక్ష దగ్గర ఒక్కొక్కరినీ విడిగా చూడాలి. చాలా బడులు దీన్ని తిరగేసి చేస్తున్నాయి.

మరో వైపు నుంచి వచ్చే పరిష్కారం కూడా నాకు నచ్చదు. పై స్థాయి క్లాసులో ఒకే రంగు పిల్లలు కనిపిస్తున్నారు కాబట్టి ఆ క్లాసే తీసేద్దాం అనేవారున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను తీసేసి అందరికీ తొమ్మిదిలోనే పెట్టింది. తర్వాత వచ్చిన లెక్కలు చూస్తే, హైస్కూలు పై స్థాయి లెక్కల క్లాసుల్లో జాతుల మధ్య అంతరం తగ్గలేదు. డబ్బున్నవారు బయట క్లాసులు చదివించుకున్నారు. 2024లో ఓటర్లు భారీ మెజారిటీతో ఆల్జీబ్రాను వెనక్కి తెమ్మన్నారు. మెట్టు తీసేస్తే ఎక్కలేనివారు ఎక్కరు, నిచ్చెన కొనుక్కోగలవారు ఎక్కుతారు.

మాకు దగ్గర్లోనే డాలస్ నగరం వేరే దారి పట్టింది. మేముండేది డాలస్ ఉత్తర శివార్లలో, తెలుగువాళ్లు వీధికి నలుగురుండే చోట. మేమంతా బడి రేటింగు చూసి ఇళ్లు కొనుక్కున్నాం, బడి చాలావరకు ఇంటి పన్ను మీదే నడుస్తుంది కాబట్టి ఆ బడి ఇంకా బాగుపడుతుంది. ఆ కథ మళ్లీ ఎప్పుడైనా. డాలస్ నగర బడుల్లో ఎక్కువమంది హిస్పానిక్, నల్లజాతి పిల్లలు. అక్కడ 2019 ప్రాంతంలో ఆరో తరగతి ఆనర్స్ (పై స్థాయి) లెక్కల విషయంలో ప్రశ్ననే తిరగేశారు. అంతకు ముందు "మీ పిల్లవాడిని చేర్చాలా?" అని అడిగేవారు. తర్వాత అయిదో తరగతి పరీక్షలో మార్కులు సరిపడా వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చేసి, వద్దనుకుంటే రాసి ఇవ్వమన్నారు. మార్పుకు ముందు నల్లజాతి పిల్లల్లో ఆ క్లాసులో ఉన్నవారు దాదాపు 17 శాతం. కొన్నేళ్లకే 43కి చేరారు. హిస్పానిక్ పిల్లలు మూడో వంతు నుంచి సగానికి పైన, తెల్లజాతి పిల్లలు సగం నుంచి 80 శాతం పైన. 2023లో టెక్సస్ రాష్ట్రం మొత్తానికీ ఇదే చట్టం చేసింది. అయిదో తరగతి లెక్కల పరీక్షలో పై 40 శాతంలో ఉన్న పిల్లలను బడులు తమంతట తామే ఆరో తరగతి అడ్వాన్స్‌డ్ లెక్కల్లో చేర్చాలి. వారు ఎనిమిదిలో ఆల్జీబ్రాకు చేరేలా దారి వేయాలి. రిపబ్లికన్లు ఏలే రాష్ట్రంలో, పెద్దగా గొడవ లేకుండా ఈ చట్టం వచ్చింది.

తెల్లజాతి పిల్లలూ పెరిగారు కాబట్టి అంతరం మూసుకుపోలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, మూసుకుపోలేదు. నాకు అది లోపంగా తోచదు. వందమంది నల్లజాతి పిల్లల్లో 17 మంది కూర్చున్న చోట 43 మంది కూర్చున్నారు. ఆ ఇరవై ఆరుగురూ నిజం పిల్లలు, వాళ్లకు నిన్నటిదాకా లెక్కలు రావని ఎవరో అనుకున్నారు.

మన వాళ్లు ఇంకో మాట అంటారు, నెమ్మదిగా అంటారు: "అందరినీ చేర్చేస్తే మన పిల్లలకు క్లాసు స్థాయి పడిపోదా?" ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. సెలవుల్లో కూడా పిల్లల్ని లెక్కల క్లాసులకు తిప్పే తల్లిని నేను, ఆ భయం నాకూ ఉండేది. కానీ బ్రొవార్డ్‌లో అర్హత మార్కు మారలేదు, టెక్సస్‌లో పరీక్ష మార్కులే ప్రమాణం. స్థాయికి తగని పిల్లలను చేర్చమని ఎవరూ అనడం లేదు. తగిన పిల్లలను ఇన్నాళ్లూ వదిలేశారు, ఇకమీదట వదలొద్దు అంటున్నారు, అంతే. నా కొడుకు పక్కన 202 టైల్స్ లెక్క తట్టిన పిల్లవాడు కూర్చుంటే నా కొడుక్కి వచ్చే నష్టమేమిటో నాకు అర్థం కాదు. ఆ పిల్లవాడు లేనందువల్ల మా వాడు మూడేళ్లు ఏం పోగొట్టుకున్నాడో మాత్రం నాకు కొంత అర్థమవుతోంది.

మరుసటి ఏడు పక్కింటావిడకు ఫారం గురించి చెప్పలేదా అంటారేమో. చెప్పాను. గడువుకు వారం ముందే లింకు పంపాను. అప్పుడు ఆమె తల్లి ఆసుపత్రిలో ఉంది, ఈమె రెండు షిఫ్టుల మధ్య అక్కడే నిద్రపోతోంది. ఫారం మిగిలిపోయింది. టీచరు ప్రతిపాదించలేదు. నాలుగులోనూ అయిదులోనూ ఆ పిల్లవాడు అందరితోపాటు, అప్పటికే వచ్చిన లెక్కలనే మళ్లీ మళ్లీ చేశాడు. అయిదో తరగతిలో ఒకసారి వాళ్లమ్మతో, స్కూలంటే విసుగ్గా ఉందన్నాడట. అంతకు ముందు ఎప్పుడూ అలా అనలేదని ఆమె చెప్పింది.

ఆరో తరగతికి ముందు వేసవిలో మా ఇంటికి డిస్ట్రిక్టు నుంచి ఉత్తరం వచ్చింది. అయిదో తరగతి మార్కుల ఆధారంగా మీ అబ్బాయిని అడ్వాన్స్‌డ్ లెక్కల్లో చేర్చాం అని. ఆ సాయంత్రం చెత్త డబ్బా బయట పెడుతుంటే పక్కింటావిడ కారు దిగి, డ్యూటీ దుస్తుల్లోనే మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో అదే ఉత్తరం, అప్పటికే నాలుగు మడతలు పడి ఉంది.

"దీనికి నేనేం నింపాలి? గడువు ఎప్పుడు?" అని అడిగింది.

ఇద్దరం కారు బానెట్ మీద ఉత్తరం పరుచుకుని రెండు వైపులా చదివాం. చేర్చవద్దనుకుంటేనే సంతకం పెట్టి పంపాలట. ఇంకేమీ అక్కర్లేదట. ఆమె మూడోసారి మొదటినుంచీ చదివి, ఉత్తరం పైకోటు జేబులో పెట్టుకుని, కొడుకును పిలవడానికి లోపలికి వెళ్లింది.